ఎక్సెల్‌లో ఐపీఎల్ అంచనా మోడల్: 70 శాతం దాటుతోంది, నమ్మవచ్చా?

కొర్లగుంట_కుర్రాడు (తిరుపతి)
నమస్కారం. బీకాం చివరి సంవత్సరంలో ఉన్నాను. కామర్స్ చదివేవాడికి ఎక్సెల్ ఎలాగూ తప్పదు. జీతాల పట్టికలతో కుస్తీ పట్టడం కంటే క్రికెట్‌తో నేర్చుకుంటే హుషారుగా ఉంటుందని ఐపీఎల్ షీటు ఒకటి మొదలుపెట్టాను. క్రిక్‌షీట్ అనే వెబ్‌సైట్‌లో బంతి బంతి వివరాలు ఉచితంగా దొరుకుతాయి. మ్యాచ్‌కు ఒక ఫైలు చొప్పున వచ్చిన వాటిని ఎక్సెల్‌లోనే ఉండే పవర్ క్వెరీతో ఫోల్డర్ మొత్తంగా ఎక్కించి, చివరికి మ్యాచ్‌కు ఒక అడ్డు వరుస ఉండేలా కుదించాను.

జట్టు గెలుపు శాతం, సగటు స్కోరు, ఆ మైదానంలో రికార్డు, టాస్. ఈ నాలుగింటికీ తలా కొంత వెయిటేజీ ఇచ్చి కూడితే మార్కులు వస్తాయి. ఎక్కువ మార్కులు వచ్చిన జట్టు గెలుస్తుందని లెక్క. పాత సీజన్ల మీద పెట్టి చూస్తే 70 శాతానికి పైగా సరిపోతోంది. రూములో ఇద్దరు అప్పుడే డబ్బు పెడదామని ప్రాణం తీస్తున్నారు. నాకు ఆ తొందర లేదు. ముందు ఈ 70 గట్టిదా, డొల్లదా తెలియాలి. తరువాత ఏమి నేర్చుకోవాలో కూడా చెప్పండి.

తోతాపురి (చిత్తూరు)
ఒక్క ప్రశ్న తమ్ముడూ. ఏప్రిల్ మొదటి వారంలో జరిగిన మ్యాచ్ వరుసలో నువ్వు వాడిన గెలుపు శాతం ఏ రోజు వరకు లెక్కించినది?

కొర్లగుంట_కుర్రాడు
సీజన్ మొత్తానిది అన్నా. పివట్ టేబుల్‌లో (మొత్తాలు తీసే సారాంశ పట్టిక) వచ్చిన అంకెను విలుకప్ అనే వెతుకులాట ఫంక్షన్‌తో తెచ్చుకున్నాను.

తోతాపురి
అయితే దొంగ దొరికాడు. సీజన్ ముగిస్తే గానీ తెలియని సంగతిని ఏప్రిల్‌లోనే షీటు చెవిలో వేశావు. 2025 జూన్ 3న బెంగళూరు తొలిసారి కప్పు ఎత్తిందని తెలిసిన షీటు, మార్చిలో బెంగళూరుకు ఓటు వేయడంలో గొప్ప ఏముంది? ఆ సీజన్లో ఎక్కువ గెలిచిన జట్టు ఆ సీజన్లో ఎక్కువ గెలుస్తుందని నీ మోడల్ కనిపెట్టింది, అంతే.

పివట్ టేబుల్‌ను పక్కన పెట్టి ప్రతి వరుసలో కౌంట్‌ఇఫ్స్ రాయి, నిబంధనలకు సరిపోయిన వరుసలను అది లెక్కపెడుతుంది. మొదటి నిబంధన జట్టు పేరు, రెండోది తేదీ. తేదీ ఈ వరుసలోని తేదీ కంటే చిన్నదై ఉండాలి. పొరపాటున "చిన్నది లేదా సమానం" అని పెట్టావో, ఇవాళ్టి ఫలితం ఇవాళ్టి అంచనాలోకి మళ్లీ దూరుతుంది. సగటు స్కోరుకు యావరేజ్‌ఇఫ్స్, అదే నిబంధనతో. సీజన్ తొలి మ్యాచ్‌లో భాగహారం సున్నాతో జరిగి తప్పు చూపిస్తుంది. చూపించనీ. అక్కడ నిజంగానే నీకు ఏమీ తెలియదు కదా.

ఇంకో మూడు చోట్ల చూసుకో. ఢిల్లీ డేర్‌డెవిల్స్ 2019 నుంచి క్యాపిటల్స్ అయింది. కింగ్స్ ఎలెవన్ పంజాబ్ 2021లో పంజాబ్ కింగ్స్ అయింది. బెంగళూరు జట్టు 2024లో పేరులోని ఊరి స్పెల్లింగ్ మార్చుకుంది. పాత ఫైళ్లలో పాత పేర్లే ఉంటాయి కాబట్టి షీటుకు అవి ఆరు జట్లు. దక్కన్ ఛార్జర్స్‌ను మాత్రం సన్‌రైజర్స్‌లో కలపకు, ఊరు ఒకటే గానీ ఫ్రాంచైజీలు వేరు. మైదానాల పేర్లు ఇంకా ఘోరం. చిన్నస్వామి స్టేడియం ఒకచోట చుక్కతో, ఒకచోట చుక్క లేకుండా, ఇంకోచోట చివర ఊరి పేరుతో కనిపిస్తుంది. రెండు నిలువు వరుసల పట్టిక వేరే షీటులో పెట్టుకో. ఎడమ వైపు ఫైలులో ఉన్న పేరు, కుడి వైపు నువ్వు వాడే పేరు. పేరు చివర కనిపించని ఖాళీ ఉంటే ట్రిమ్ ఫంక్షన్ తీసేస్తుంది.

తేదీలు మూడోది. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే మే 4 కాస్తా ఏప్రిల్ 5 అయి కూర్చుంటుంది, 12వ తేదీ దాటినవి అక్షరాలుగా మిగిలిపోతాయి. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు రాసేవాడిని, లోడు వచ్చిన తేదీ తారుమారైతే రైతులకు ఎవరికి ఎప్పుడు చెల్లించాలో తెలియక ఎంత రభస అవుతుందో నాకు తెలుసు.

పుత్తూరు_పులి
ఇన్ని లెక్కలు ఎందుకండీ, ఇవాళ చెన్నై గెలుస్తుందా లేదా చెప్పండి చాలు.

నిర్వాహకుడు
పులి గారూ, ఇది జోస్యాల వేదిక కాదు. ఒకసారి అందరికీ గుర్తుచేస్తున్నాను. ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం 1974 నాటిది. 2020లో దాన్ని సవరించి ఆన్‌లైన్ పందేలను కూడా నిషేధంలోకి తెచ్చారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా ఆపేసింది. కాబట్టి ఇక్కడ షీట్ల గురించి, గణాంకాల గురించి ఎంతైనా మాట్లాడుకోవచ్చు. యాప్ లింకులు, టిప్స్ గ్రూపుల పేర్లు కనిపిస్తే తీసేస్తాను.

రేణిగుంట_ప్లాట్‌ఫారం
టిప్స్ గ్రూపు మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మా వీధి కుర్రాడు ఒకడు అలాంటి గ్రూపుకు డబ్బు కట్టాడు. "వరసగా అయిదు మ్యాచ్‌లు చెప్పారు బాబాయ్, అయిదూ నిజమయ్యాయి" అన్నాడు. అందులో విద్య ఏమీ అక్కరలేదు. 1,024 మందికి సందేశాలు పంపు. సగం మందికి చెన్నై అని, సగం మందికి ముంబై అని. తప్పు వెళ్లిన 512 మందిని వదిలేయి. మిగిలిన 512 మందికి తరువాతి మ్యాచ్ అలాగే పంపు. అయిదు మ్యాచ్‌లు అయ్యేసరికి 32 మందికి నువ్వు దేవుడివి. ఆరో మ్యాచ్‌కు ఫీజు అడుగుతావు. ఆ 32 మందిలో మా వాడు ఒకడు. మిగిలిన 992 మంది సంగతి వాడికి ఎవరు చెబుతారు?

షీటు నేర్చుకోవడం మంచిదే తమ్ముడూ. అయితే గెలుపు అంకె చూడగానే పక్కవాళ్ల కళ్లు ఎలా మారతాయో నువ్వే రాశావు. ఆ రూములో ఉండే ఇద్దరికీ ఈ చర్చ చూపించు.

గణాంకం_మాస్టారు (తిరుపతి)
కొంత కాలం గణాంకశాస్త్రం పాఠాలు చెప్పిన అలవాటు కొద్దీ కాస్త సాగదీస్తాను, ఓపిక పట్టండి.

తోతాపురి గారు చెప్పిన లీకు మూసేశాక మీకు 55 నుంచి 60 మధ్య ఏదో ఒక అంకె వస్తుందనుకుందాం. దాన్ని చూసి సంతోషించాలా వద్దా అన్నది మ్యాచ్‌ల సంఖ్యను బట్టి ఉంటుంది. ఇప్పుడు సీజన్‌కు 74 మ్యాచ్‌లు. ఏ మోడలూ లేకుండా నాణెం ఎగరవేసి చెప్పినా సగటున 37 సరిపోతాయి. ప్రామాణిక విచలనం, అంటే సగటు నుంచి అటూ ఇటూ మామూలుగా ఊగే దూరం, 4.3. దానికి రెట్టింపు అటూ ఇటూ పోనిస్తే 29 నుంచి 45 వరకు ఏది వచ్చినా ఆశ్చర్యపడనక్కరలేదు. 45 అంటే దాదాపు 61 శాతం! కాబట్టి ఒక సీజన్లో 60 శాతం సరిగ్గా చెప్పిన మోడల్‌ను, అదృష్టం బాగున్న నాణేన్ని విడదీసి చూపడం ఎవరి తరమూ కాదు. మీరు అడగాల్సిన ప్రశ్న "ఎన్ని సరిపోయాయి" అన్నది కాదు. ఒక జట్టుకు 51 శాతం ఇచ్చి గెలిచినా, 90 శాతం ఇచ్చి గెలిచినా ఆ లెక్కలో రెండూ ఒకటే.

మార్కులు మానేసి సంభావ్యత రాయండి. మొదటి జట్టు గెలిచే సంభావ్యత 0.70 అన్నారు. గెలిస్తే ఫలితం 1, ఓడితే 0. తేడాను వర్గం చేయండి. గెలిస్తే 0.09, ఓడితే 0.49. అన్ని మ్యాచ్‌లకూ దాని సగటు తీస్తే వచ్చేదే బ్రయర్ స్కోరు. వాతావరణ అంచనాల నాణ్యత కొలవడానికి గ్లెన్ బ్రయర్ 1950లో ప్రతిపాదించిన పద్ధతి ఇది. ఎంత తక్కువ వస్తే అంత మంచిది. ప్రతి మ్యాచ్‌కూ 0.50 అని కళ్లు మూసుకుని రాసేవాడికి సరిగ్గా 0.25 వస్తుంది. ముందు ఆ కళ్లు మూసుకున్నవాడిని దాటండి.

వెయిటేజీలు ఎలా నిర్ణయించారు?

కొర్లగుంట_కుర్రాడు
మార్చి మార్చి చూసి, శాతం ఎక్కువ వచ్చిన చోట ఆపాను మాస్టారూ.

గణాంకం_మాస్టారు
ఏ సీజన్ల మీద మార్చి చూశారో వాటి మీదే పరీక్ష పెట్టారు. ప్రశ్నపత్రం ఇంటికి పట్టుకెళ్లి రాసినట్టు. 2023 వరకు ఉన్న వాటితో వెయిటేజీలు తేల్చుకుని, 2024, 2025 సీజన్ల షీటుకు తాళం వేయండి. అంతా అయ్యాక ఒక్కసారే తెరవండి. ఒకసారి చూసి, నచ్చక వెయిటేజీ మార్చి మళ్లీ చూస్తే ఆ తాళం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

చంద్రగిరి_కోట
2024ను పరీక్షకు పెట్టడం కొంచెం కఠినమే మాస్టారూ. 2023లో ఇంపాక్ట్ ప్లేయర్ నిబంధన (మ్యాచ్ మధ్యలో ఒక ఆటగాడిని మార్చుకునే వీలు) వచ్చాక స్కోర్ల ధోరణే మారిపోయింది. 2013లో బెంగళూరు కొట్టిన 263 పదకొండేళ్ల పాటు ఐపీఎల్ రికార్డుగా నిలిచింది. 2024 మార్చి 27న హైదరాబాద్ 277 కొట్టింది, మూడు వారాలు తిరగకుండా ఏప్రిల్ 15న అదే జట్టు 287 కొట్టింది. పాత సగటులతో 2024లోకి అడుగుపెట్టిన షీటుకు 200 స్కోరు కూడా పెద్దదిగానే కనిపిస్తుంది. పరుగులను ఆ సీజన్ సగటుతో భాగించి వాడితే కొంత నయం.

తమ్ముడూ, నేను చెన్నైలో డేటా పని చేస్తాను, వారాంతాల్లో ఊరికి వస్తుంటాను. నాలుగు అంశాలు, నాలుగు వెయిటేజీల బదులు ఈలో రేటింగ్‌తో మొదలుపెట్టు. చదరంగం కోసం అర్పాడ్ ఈలో అనే భౌతికశాస్త్ర ఆచార్యుడు తయారుచేసిన పద్ధతి. 2018 నుంచి ఫిఫా ర్యాంకింగులు కూడా దీని మీద ఆధారపడినవే. అందరికీ 1500 ఇచ్చి మొదలుపెట్టు. ఎదుటి జట్టు రేటింగులోంచి మన జట్టు రేటింగు తీసేసి 400తో భాగించు. వచ్చిన సంఖ్యను 10కి ఘాతంగా వేసి ఒకటి కలుపు. ఒకటిని దానితో భాగిస్తే మన జట్టు గెలిచే సంభావ్యత. 100 పాయింట్ల ఆధిక్యం ఉంటే 64 శాతం, 200 ఉంటే 76 శాతం. మ్యాచ్ అయ్యాక, ఫలితానికీ అంచనాకూ ఉన్న తేడాను 20తోనో 30తోనో గుణించి గెలిచినవాళ్లకు కలిపి ఓడినవాళ్లకు తీసేయి.

షీటులో అందరూ తడబడేది ఒకచోటే: ఒక జట్టు తాజా రేటింగు ఏ వరుసలో ఉందో వెతుక్కోవడం. వెతకవద్దు. జట్టుకు ఒక నిలువు వరుస చొప్పున కుడి వైపున పది నిలువు వరుసలు పెట్టు. ప్రతి గడిలో ఒకటే సూత్రం. ఈ వరుసలో మొదటి జట్టు పేరు ఈ నిలువు వరుస తలకట్టులో (అన్నిటికంటే పై గడిలో) ఉన్న పేరే అయితే పై గడికి మార్పును కలుపు, రెండో జట్టు పేరైతే తీసేయి, రెండూ కాకపోతే పై గడి విలువే దించు. ఒక గడిలో రాసి కుడికీ కిందికీ లాగితే సీజన్ అంతా నిండిపోతుంది. అంచనాకు కావలసిన రేటింగును ఇండెక్స్, మ్యాచ్ అనే రెండు ఫంక్షన్లు కలిపి పై వరుస నుంచి తెచ్చుకోవాలి. పై వరుస అన్న మాట మర్చిపోకు. అదే వరుస నుంచి తెచ్చావంటే తోతాపురి అన్న మళ్లీ వస్తాడు.

తోతాపురి
వస్తాను. డాలరు గుర్తు ఎక్కడ పెట్టాలో కూడా చెప్పక్కా, సగం మంది అక్కడే ఆగిపోతారు. తలకట్టు గడికి అంకె ముందు డాలరు, జట్ల పేర్లున్న గడులకు అక్షరం ముందు డాలరు. రెండూ తారుమారైతే చెన్నై రేటింగు రాజస్థాన్ కాలమ్‌లో పెరుగుతుంటుంది.

కొర్లగుంట_కుర్రాడు
పేర్ల పట్టిక వేశాను, తేదీ నిబంధన పెట్టాను. 70 కాస్తా సగానికి కొంచెం పైకి దిగింది. ఈలోతో వచ్చిన బ్రయర్ 0.25 కంటే తక్కువే, కానీ మూడో దశాంశ స్థానం దగ్గర తేడా. ఇంత శ్రమకు ఇంతేనా? ఇంకో సంగతి. చెపాక్‌లో రెండో ఇన్నింగ్స్ సగటు మొదటిదాని కంటే తక్కువగా కనిపిస్తోంది. అంటే అక్కడ లక్ష్యం ఛేదించడం కష్టమని రాసుకోవచ్చా?

గణాంకం_మాస్టారు
మీరు తిరుపతివారే కదా, ఒక సంగతి అడుగుతాను. నిన్న శ్రీవారిని ఎంతమంది దర్శించుకున్నారో దేవస్థానం రోజూ ప్రకటిస్తుంది. పక్కనే తలనీలాలు ఇచ్చినవారి సంఖ్య, హుండీ కానుకలు, సర్వదర్శనానికి పట్టే సమయం ఉంటాయి. వేసవి సెలవుల్లో శనివారం నాటి దర్శనాల సంఖ్య తీసుకుని "ఇంతమందే వచ్చారు" అనగలమా? కంపార్టుమెంట్లు నిండి క్యూలైను శిలాతోరణం దాకా వచ్చిన రోజున కూడా, గర్భాలయం ముందు నుంచి ఒక రోజులో ఎంతమంది కదలగలరో అంతే ఆ అంకె. అది వచ్చినవారి లెక్క కాదు, దర్శనం చేయించగలిగిన లెక్క. రద్దీ ఎంతో తెలియాలంటే పక్కనున్న గంటలు చూడాలి.

రెండో ఇన్నింగ్స్ స్కోరు కూడా సరిగ్గా అలాంటిదే. లక్ష్యం 151 అయితే గెలిచిన జట్టు స్కోరు 151 దగ్గరో, చివరి బంతి బౌండరీ దాటితే ఇంకో నాలుగైదు పైనో ఆగిపోతుంది. ఆ జట్టు ఇంకా మూడు ఓవర్లు మిగిలి ఉండగా గెలిచినా మీ గడిలో పడేది 152. అంటే పైన కప్పు ఉన్న సంఖ్యల సగటు తీసి, కప్పు లేని మొదటి ఇన్నింగ్స్ సగటుతో పోలుస్తున్నారు. తక్కువ రాక ఏమవుతుంది? గణాంకశాస్త్రంలో ఇలాంటి వాటిని సెన్సార్డ్ దత్తాంశాలు అంటాం, అంటే ఒక హద్దు దాటాక అసలు విలువ ఎంతో కనిపించనివి.

ఛేదన సులభమో కష్టమో తెలియాలంటే ఎన్ని ఛేదనలు గెలిచారో లెక్కపెట్టండి, మిగిలిన బంతులూ వికెట్లూ చూడండి.

చంద్రగిరి_కోట
బంతికి ఎన్ని పరుగులు అని తీసుకున్నా పూర్తిగా తీరదు మాస్టారూ. లక్ష్యం చిన్నదైతే జట్టు నింపాదిగా ఆడుతుంది, పరుగుల వేగం కూడా తగ్గినట్టే కనిపిస్తుంది. అందుకే బ్యాటింగ్ బలానికి నేను మొదటి ఇన్నింగ్స్ మాత్రమే వాడతాను. సగం డేటా పోతుంది, పోనీ. వాన పడి ఓవర్లు తగ్గిన మ్యాచ్‌లను పరుగుల సగటులోంచి తీసేయి, ఈలోలో మాత్రం ఉంచు. వాన మ్యాచ్‌లలో లక్ష్యాన్ని సవరించే డక్‌వర్త్, లూయిస్‌ల పద్ధతి ఎలా పనిచేస్తుందో ఒకసారి చదువు. 1997 జనవరి 1న హరారేలో జింబాబ్వే, ఇంగ్లండ్ మ్యాచ్‌లో మొదటిసారి వాడారు. మిగిలిన ఓవర్లు, చేతిలో ఉన్న వికెట్లు, ఈ రెండింటినీ కలిపి ఒకే వనరుగా చూడటం అందులోని అసలు ఆలోచన. నీ షీటుకు అది బాగా పనికొస్తుంది.

మైదానం రికార్డు విషయంలో ఇంకో మాట. 2009 సీజన్ మొత్తం దక్షిణాఫ్రికాలో జరిగింది, 2020 మొత్తం యూఏఈలో. సొంత మైదానం అన్న కాలమ్‌లో అప్పుడు ఏమి రాశావో చూసుకో.

పుత్తూరు_పులి
నేను జోస్యం అడగడం లేదు, నిజంగానే ఒక సందేహం. ఇంత లెక్క తెలిసినవాళ్లు ఉన్నారు కదా, మరి బుకీలు ఎప్పుడూ నష్టపోరెందుకు?

రేణిగుంట_ప్లాట్‌ఫారం
ఇప్పుడు అడిగారు చూడండి అసలు ప్రశ్న.

చంద్రగిరి_కోట
రెండు జట్లూ సమానమనుకోండి. న్యాయమైన రేటు (రూపాయి పెట్టి గెలిస్తే చేతికి వచ్చేది) రెండు వైపులా 2.00. బుకీ ఇచ్చేది 1.90. ఒకటిని 1.90తో భాగిస్తే 52.6 శాతం. రెండు వైపులవీ కూడితే 100 రావాలి, 105.3 వస్తుంది. ఆ పైనున్నదే అతని జీవనాధారం. రెండు వైపులా వంద చొప్పున పెడితే 200 పోసి 190 వెనక్కు తీసుకుంటారు, ఎవరు గెలిచినా సరే.

ఫుట్‌బాల్‌లో మూడు ఫలితాలు ఉంటాయి. 2.10, 3.40, 3.60 అన్న రేట్లు తీసుకుంటే విలోమాల మొత్తం 1.048. ఒక్కోదాన్ని ఆ మొత్తంతో భాగిస్తే 45.4, 28.1, 26.5 శాతం. పాత రేట్ల పట్టికలు ఇంగ్లండ్ లీగులకు ఉచితంగా దొరుకుతాయి. నేను వాటిని కొలబద్దగా వాడతాను. నా బ్రయర్ ఒక కాలమ్, మార్కెట్ బ్రయర్ పక్క కాలమ్. మ్యాచ్ మొదలయ్యే ముందున్న చివరి రేటును దాటడం ఎంత కష్టమో అలా పక్కపక్కన పెట్టి చూస్తే గానీ నమ్మకం కుదరదు. ఎవరికి గాయమైంది, ఎవరిని పక్కన పెట్టారు అన్న వార్తలన్నీ ఆ రేటులో అప్పటికే కలిసిపోయి ఉంటాయి. మన షీటుకు ఆ వార్తలు తెలియవు.

గణాంకం_మాస్టారు
దానికి ఒక లెక్క జోడిస్తాను. ఒకరి మోడల్ నిజంగానే 55 శాతం సరైనదని అనుకుందాం. 1.90 రేటు దగ్గర సమానంగా నిలవడానికే 52.6 కావాలి. ఈ రెండు పాయింట్ల చిల్లర తేడా అదృష్టం కాదని రెండు ప్రామాణిక దోషాల దూరంలో తేల్చుకోవాలంటే సుమారు 1,750 మ్యాచ్‌లు అవసరం. సీజన్‌కు 74 చొప్పున 23 సీజన్లకు పైమాటే. 2008లో పుట్టిన ఐపీఎల్ ఇంకా అన్ని సీజన్లు ఆడలేదు. ఈలోగా నియమాలు మారతాయి, జట్లు మారతాయి, ఆ 55 కూడా అక్కడే ఉండదు. మోడల్ మంచిదని తేలేలోపు మోడల్‌కు కాలం చెల్లుతుంది.

రూములో ఉన్న స్నేహితులకు ఈ ఒక్క భాగాహారం చేయించండి. నీతిబోధ కంటే బాగా పనిచేస్తుంది.

తోతాపురి
కెల్లీ సూత్రం సంగతి ఎవరూ ఎత్తలేదేమిటా అని చూస్తున్నాను. ఇలాంటి చర్చల్లో ఎవరో ఒకరు తెస్తారు.

గణాంకం_మాస్టారు
1956లో బెల్ ప్రయోగశాలలో జాన్ కెల్లీ రాసింది. సంభావ్యత మీకు కచ్చితంగా తెలిస్తే ఎంత పెట్టాలో చెబుతుంది. 1.90 రేటుకు 55 శాతం అని మీరు నమ్మితే చేతిలో ఉన్నదాంట్లో 5 శాతం పెట్టమంటుంది. అసలు సంభావ్యత 50 అయితే? అదే 5 శాతం చొప్పున పెడుతూ పోతే చేతిలో ఉన్నది క్రమంగా కరిగిపోతుంది. సూత్రంలో తప్పు లేదు, దానికి మీరు అందించిన 55లో ఉంది. దాన్ని ఇక్కడితో వదిలేద్దాం.

కొర్లగుంట_కుర్రాడు
డబ్బు సంగతి రూములో ముగిసింది. 1,750 అంకె బాగా పనిచేసింది. ఒకడు మాత్రం "ఫుట్‌బాల్‌కు మ్యాచ్‌లు ఎక్కువ కదా" అంటున్నాడు. అక్కా, ఫుట్‌బాల్ షీటు క్రికెట్ కంటే సులభమా?

చంద్రగిరి_కోట
నేర్చుకోవడానికి చాలా సులభం. గోల్స్ తక్కువ, చిన్న పూర్ణ సంఖ్యలు, పాయిసన్ పంపిణీకి (సగటు తెలిస్తే ఒక సంఘటన ఎన్నిసార్లు జరగవచ్చో చెప్పే సూత్రం) చక్కగా లొంగుతాయి. ప్రీమియర్ లీగ్ సీజన్‌కు 380 మ్యాచ్‌లు. ఒక జట్టు సొంత మైదానంలో వేసే గోల్స్ సగటును లీగు సగటుతో భాగిస్తే దాడి బలం, ఎదుటి జట్టు ఇచ్చుకునే గోల్స్‌తో అలాగే చేస్తే రక్షణ బలహీనత. రెండింటినీ లీగు సగటుతో గుణిస్తే ఆ మ్యాచ్‌లో ఆశించే గోల్స్.

ఒక ఉదాహరణ. సొంత జట్టుకు 1.5, వచ్చిన జట్టుకు 1.1 అనుకో. పై వరుసలో 0 నుంచి 7, ఎడమ నిలువులో 0 నుంచి 7. ప్రతి గడిలో రెండు పాయిసన్ విలువల లబ్ధం. 0-0కు 7.4 శాతం, 1-1కు 12.3 శాతం వస్తాయి. వాలు గీత మీద ఉన్నవన్నీ కూడితే డ్రా, 26 శాతం. దానికి ఒక పక్కన ఉన్నవి సొంత జట్టు గెలుపు, 46. రెండో పక్క 28. ఇదంతా గంట పని.

1982లో మాహర్ ఈ దారి వేశాడు. 1997లో డిక్సన్, కోల్స్ దానికి రెండు మరమ్మతులు చేశారు. ఒకటి 0-0, 1-0, 0-1, 1-1 స్కోర్ల దగ్గర సర్దుబాటు, ఎందుకంటే రెండు జట్ల గోల్స్ పూర్తిగా స్వతంత్రం కావు. రెండోది పాత మ్యాచ్‌లకు విలువ క్రమంగా తగ్గించడం.

గణాంకం_మాస్టారు
పాయిసన్ మీద నమ్మకం కుదరాలంటే ముందు గుర్రాల లెక్క వేయండి, నేను తరగతిలో ఎప్పుడూ ఇదే వేయించేవాడిని. ప్రష్యా సైన్యంలో గుర్రం తన్ని చనిపోయిన సైనికుల వివరాలను బోర్ట్‌కీవిచ్ 1898లో ప్రచురించాడు. పది దళాలు, ఇరవై ఏళ్లు, అంటే 200 నమోదులు. మొత్తం మరణాలు 122, సగటు 0.61. ఎక్సెల్‌లో పాయిసన్ ఫంక్షన్‌కు 0, 0.61 ఇవ్వండి. 0.543 వస్తుంది. 200తో గుణిస్తే 108.7. ఒక్క మరణమూ లేని నమోదులు నిజంగా ఎన్నో తెలుసా? 109. ఒక్కటి ఉన్నవి సూత్రం ప్రకారం 66.3, నిజంగా 65. ఇది చూసినప్పుడు ఒళ్లు జలదరించనివారికి గణాంకశాస్త్రం అంటదని నా అభిప్రాయం, ఎవరూ ఏమనుకోకండి.

క్రికెట్ పరుగులకు మాత్రం ఇది వాడకండి. నాలుగులూ ఆరులూ గుత్తులుగా వస్తాయి, సగటు 170 ఉన్నచోట పాయిసన్ చెప్పే ప్రామాణిక విచలనం 13. నిజం స్కోర్లు అంతకంటే ఎంతో ఎక్కువ ఊగుతాయి.

కొర్లగుంట_కుర్రాడు
గుర్రాలు వేశాను మాస్టారూ. 2 దగ్గర 20.2కి 22 వచ్చింది. ఫుట్‌బాల్ గడుల పట్టిక కూడా తయారైంది. ఇప్పుడు దాడి, రక్షణ అంకెలను భాగాహారంతో కాకుండా సరైన పద్ధతిలో తేల్చాలంటే సాల్వర్ (సరిపోయే విలువలు వెతికిపెట్టే పరికరం) కావాలంటున్నారు. నేను గూగుల్ షీట్స్‌కు మారాను, అందులో కనిపించడం లేదు.

తోతాపురి
అందులో సొంతంగా ఉండదు, యాడాన్ పెట్టుకోవాలి. ఎక్సెల్‌లో ఆప్షన్స్‌లోకి వెళ్లి సాల్వర్‌కు టిక్ పెడితే డేటా మెనూలో ప్రత్యక్షమవుతుంది. డబ్బు పెట్టలేకపోతే లిబ్రే ఆఫీస్ కాల్క్ దించుకో, అందులో సాల్వర్ ఉంది. ప్రతి మ్యాచ్‌కు వచ్చిన స్కోరు సంభావ్యతకు లాగరిథం తీసి, మొత్తం కూడిన గడిని గరిష్ఠం చేయమని చెప్పాలి. ఒక షరతు పెట్టడం మర్చిపోకు: దాడి అంకెల సగటు 1 ఉండాలి. లేకపోతే దాడిని రెట్టింపు చేసి రక్షణను సగం చేసినా జవాబు అదే కాబట్టి సాల్వర్ దిక్కుతోచక తిరుగుతుంది. మొదటి విలువలన్నీ 1గా ఇచ్చి నడుపు.

చంద్రగిరి_కోట
ఐపీఎల్ ఈలోకు కూడా ఒకటి మిగిలింది. సీజన్ మారినప్పుడు రేటింగులను యథాతథంగా తీసుకెళ్లకు. 2024 నవంబరులో జెడ్డాలో జరిగిన మెగా వేలం తరువాత సగం ఆటగాళ్లు మరో రంగు చొక్కాల్లో కనిపించారు. 1500కూ పాత రేటింగుకూ ఉన్న దూరంలో మూడో వంతు తగ్గించి మొదలుపెట్టు, మెగా వేలం జరిగిన ఏడాది సగం. మూడో వంతా, సగమా అన్నది నీ పాత సీజన్ల మీద బ్రయర్ చూసి తేల్చుకో, 2024, 2025 మీద మాత్రం వద్దు.

తోతాపురి
అంచనాలు టాస్ పడకముందే ఈ చర్చలో పోస్టు చేస్తూ ఉండు తమ్ముడూ. టాస్ కాలమ్ ఎలాగూ తీసేశావు కదా?

కొర్లగుంట_కుర్రాడు
తీసేశాను అన్నా. రేపటి రెండు మ్యాచ్‌లవీ రాత్రికి పెడతాను, శాతాలతో.

పుత్తూరు_పులి
చెన్నైకి ఎంతో చూసి పెట్టు తమ్ముడూ. ఊరికే, తెలుసుకుందామని.